సీటు వెనక మనిషి

ఏ పనైనా అల్లాహ్ పేరు తలుచుకుని మొదలుపెట్టడం నాకు అలవాటు. రేకు కోసేముందు తలుచుకున్నాను, రివెట్ కొట్టేముందు తలుచుకున్నాను, ఇప్పుడు ఈ కలం పట్టినప్పుడూ తలుచుకున్నాను. దమ్మాంలో విమానాల రేకుపని చేసి, రిటైరై, ప్రొద్దుటూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. గల్ఫ్‌కు కొత్తగా బయల్దేరే మన పిల్లలు వచ్చి, "చాచా, అంత సర్వీసులో నీకు బాగా గుర్తుండిపోయిన విమానం ఏది?" అని అడుగుతుంటారు. ఏ రాజు గారి విమానం పేరో చెబుతానని వాళ్ల ఆశ. నాకు గుర్తున్నదేమో ఇంజనే లేని విమానం. ఒక్క జానెడు కూడా నేల విడవలేదది. దాని కథ చెబుతాను, వినండి.

హ్యాంగర్ ఉద్యోగం ముగిసి, ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి వచ్చేయాల్సిన సమయంలో ఒక సౌదీ పెద్దమనిషి నన్ను ఆపాడు. ఆయనా రిటైరైన పైలటే. అందరూ కెప్టెన్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. అల్ ఖోబర్ దాటాక సముద్రం వైపు ఆయనకు ఒక ఇస్తిరాహా ఉండేది. అంటే ఖర్జూరపు చెట్లు, అతిథులు కూర్చునే మజ్లిస్, వంటశాల అన్నీ ఉన్న విడిది. అందులో పెద్ద రేకుల షెడ్డు వేయించి పాత విమానాలు, వాటి ముక్కలు కొని తెచ్చి పెట్టుకునేవాడు. వేరేవాళ్లు ఒంటెలు పెంచుతారు. ఈయన రెక్కలు పెంచేవాడు.

"యా హాజీ, నాకొక యుద్ధ విమానం చేసిపెట్టాలి నువ్వు" అన్నాడు ఒకరోజు అరబ్బీ కాఫీ, గహ్వా పోస్తూ.

నవ్వాను. ఆయన నవ్వలేదు.

పడుచుదనంలో ఆయన విమానం నడపడం నేర్చుకోవడానికి ఫ్రాన్స్ వెళ్లాడట. అక్కడ చదువు చెప్పిన ఉస్తాద్, రెండో ప్రపంచ యుద్ధంలో తన దేశం జర్మనీ చేతికి చిక్కినప్పుడు, చేతులు ముడుచుకుని కూర్చోలేక తనలాంటి మరికొందరు పైలట్లతో కలిసి రష్యా వెళ్లాడట. ఎవరూ బలవంతపెట్టలేదు. తమంతట తామే వెళ్లారు. భాష రాని దేశంలో, మంచులో, రష్యావాళ్లు ఇచ్చిన చిన్న విమానాలు ఎక్కి జర్మనీ మీద పోరాడారు. సగం చెక్క, సగం ఇనుప గొట్టాలతో చేసిన తేలికైన విమానాలవి. ముక్కు చివర తమ జెండా మూడు రంగులు పూసుకునేవాళ్లట. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ఉస్తాద్ వచ్చాడు.

"నాకు గాలిలో నడక నేర్పింది ఆయనే. ఆయన పోయాడు, నేను అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయాను" అన్నాడు కెప్టెన్. "ఈ చలికాలం ఆయన కొడుకు నా ఇంటికి వస్తున్నాడు. ఆయనా ముసలాడైపోయాడు. తండ్రి నడిపిన విమానంలో ఒక్కసారి కూర్చోవాలని ఆయన కోరిక. అసలుది నాకు దొరకదు. నువ్వు చెయ్. ఇంజను అక్కర్లేదు. కానీ ఆయన కూర్చుని పిడి లాగితే తోక కదలాలి. అంతే నాకు కావాల్సింది."

గురువు రుణం తీర్చుకోవాలనే మనిషికి కాదని ఎలా చెబుతాం?

నాకు రేకు తెలుసు, ఇనుము తెలుసు. కానీ ఆ విమానం రెక్కలు చెక్క, వెనక భాగం పలుచని ప్లైవుడ్. వడ్రంగి కావాలి. దమ్మాంలో మా క్యాంపు పక్క గదిలోనే దొరికాడు. నిర్మల్ వైపువాడు, నాకంటే చిన్న, అందుకే నేను నిర్మల్ తమ్ముడు అనేవాణ్ణి. సన్నగా, వెదురుబద్దలా ఉండేవాడు. వాళ్లింట్లో తాతల నుంచి పొనికి చెక్కతో బొమ్మలు చెక్కడమే పని. ఇక్కడికొచ్చి ఒక బిల్డింగ్ కంపెనీలో షట్టరింగ్ కార్పెంటర్ అయ్యాడు. ఆ కంపెనీ మూతపడింది. తోటివాళ్లంతా ఎగ్జిట్ మీద వెళ్లిపోయారు. ఇతని ఇకామాకు, అంటే ఇక్కడ ఉండే అనుమతికి, ఇంకా కొన్ని నెలలు ఉంది, అది అయ్యేలోపు ఎవరో ఒకరు యజమానిగా పూచీపడి తమ కఫాలా మీదికి తీసుకోకపోతే ఇతనూ మూట కట్టుకోవాల్సిందే.

విమానం బొమ్మ కాగితం చూపించి చేస్తావా అని అడిగితే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"భాయ్, ఇన్నేండ్లు సిమెంటు పోసేటందుకు పెట్టెలు గొట్టిన. పోసినంక పీకి అవతల పారేసుడే. నేను జేసిన పని ఈ దేశంల ఒక్కటి గూడ నిలవడి లేదు" అన్నాడు. "ఇది పీకరు గదా?"

"పీకరప్పా. ఇది ఉండేదానికే చేస్తాండాం."

"అయితే పైసలు తర్వాత మాట్లాడుదాం" అన్నాడు.

కెప్టెన్‌కు పరిచయం చేశాను. ఆయన ఇతని అరచేతులు తిప్పి చూసి నాతో అన్నాడు: "నా దగ్గర పనిచేసేవాడి వెనక నేను నిలబడి చూసుకోవాల్సిన అవసరం ఉండకూడదు. ఆ రోజు నా అతిథి ముందు అన్నీ సరిగ్గా నడిస్తే ఇతన్ని నా కఫాలా మీదికి తీసుకుంటాను. ఈ షెడ్డు నిండా వడ్రంగి పని ఉంది. నడవకపోతే లేదు." మాట తేల్చేశాడు. నిర్మల్ తమ్ముడికి తర్జుమా చేసి చెబితే తల ఊపి, ఆ రోజే ఉలులు నూరడం మొదలుపెట్టాడు.

మా మధ్య మొదటి గొడవ ముహూర్తం దగ్గర వచ్చింది.

"భాయ్, కొత్త బండి గదా. ఒక కొబ్బరికాయ గొడుదాం. చక్రం కింద నిమ్మకాయ పెడుదాం" అన్నాడు.

"ఇది ఏ దేశమో మర్చిపోయినావా? అయినా నేను ఒప్పుకోనప్పా. నిమ్మకాయ ఏం కాపాడ్తాది? కాపాడేవాడు ఒక్కడే. నేను దువా చేస్తా."

"నీ దువా నువ్వు జెయ్యి. నా తృప్తి నాకుండాలె గదా?"

"నా షెడ్డులో కుదర్దు."

మూతి ముడుచుకుని ఊరుకున్నాడు. ఊరుకున్నాడనే అనుకున్నాను.

ఎండాకాలమంతా దమ్మాం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక అద్దె షెడ్డులో పని నడిచింది. ఇన్నేళ్లూ హ్యాంగర్లో నేను చేసిన పనికి పైనుంచి కిందిదాకా సంతకాలుండేవి, ప్రతి మేకుకూ ఒక నంబరుండేది. ఇక్కడ మేమిద్దరమే. అతను రెక్కకు పక్కటెముకలు చెక్కుతుంటే చూడటమే ఒక పండగ. గీత గీసేవాడు కాదు. చెక్కను కంటి దగ్గర పెట్టుకుని ఒక కన్ను మూసి చూసి, "ఇక్కడ కొంచెం బలిసింది" అని చిత్రిక పట్టేవాడు. నేను స్కేలు పెట్టి కొలిస్తే తప్పుండేది. "జూసినవా భాయ్, బలిసిందే అంటివి, పీలగయింది గదా" అని నేను ఎగతాళి చేస్తే, తన యాసలో నేను మాట్లాడబోయినందుకు పడీ పడీ నవ్వి, మళ్లీ ఇంకో ముక్క తీసుకునేవాడు. కొలత నాది, చెయ్యి అతనిది. అలా సాగింది.

పైలట్ సీటు వెనక ఒక చిన్న ఖాళీ గూడు, దానికి పక్కనుంచి ఒక తలుపు ఉన్నాయి బొమ్మలో. "ఇదేంది భాయ్, సామాన్ల డిక్కీనా?" అని అడిగాడు. "రేడియో పెట్టే చోటేమోలే" అన్నాను. నాకూ తెలియదు. ఆ గూట్లోనే బెల్ క్రాంక్ బిగించాం. పిల్లలకు అర్థమయ్యేట్టు చెబుతాను: పైలట్ పిడి లాగితే సీటు వెనక ఒక చేయి ఊగుతుంది. దానికి కట్టిన తీగలు తోకదాకా పోయి తోకను పైకీ కిందికీ ఆడిస్తాయి. ఆ చేయి ఇనుముతో చేయాలి. నిర్మల్ తమ్ముడు బీచ్ చెక్కతో నున్నగా చేసిచ్చాడు. ఎగరని విమానానికి చాలులే అని నేనే ఒప్పుకున్నాను.

శుక్రవారాలు పని లేదు. జుమా నమాజు అయ్యాక క్యాంపు మెస్ గదిలో కడప, కర్నూలు, కరీంనగర్ పిల్లల్ని కూర్చోబెట్టుకుని కాసేపు దర్స్ చెప్పడం నా ఆనవాయితీ. చిన్నప్పుడు మదర్సాలో నేర్చుకున్నదీ, తర్వాత పెద్దల దగ్గర చదువుకున్నదీ సగం ఉర్దూలో, సగం తెలుగులో చెప్పేవాణ్ణి. నిర్మల్ తమ్ముడు గుమ్మం దగ్గర కూర్చునేవాడు. సమోసాల కోసం వచ్చేవాడు, ఆ సంగతి అతనే ఒప్పుకునేవాడు. విమానం తరలించే ముందు శుక్రవారం నేను గింజల కుప్ప సంగతి చెప్పాను. మన ప్రవక్త, ఆయనపై శాంతి కలుగుగాక, బజారులో ఒక గింజల కుప్పలోకి చెయ్యి పోనిచ్చారు. పైన పొడి, లోపల తడి. ఇదేమిటని అడిగితే వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. మరి తడిసినవి జనం చూసేట్టు పైన పెట్టలేదేం, మోసం చేసేవాడు నావాడు కాడు అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం ఎక్కువే లేచింది. ఎదుటివాళ్లకు చెప్పేటప్పుడు ఎవరి గొంతైనా బాగానే లేస్తుంది.

చలి మొదలయ్యాక విమానాన్ని ట్రైలర్ మీద ఇస్తిరాహాకు తీసుకెళ్లాం. "దీన్ని మాకు లోబరచిన ఆయన పవిత్రుడు, మా అంతట మేము దీన్ని లోబరచుకోగలిగేవాళ్లం కాదు" అని ప్రయాణపు దువా చదివాను. పెషావర్ డ్రైవర్ ఆమీన్ అన్నాడు. నిర్మల్ తమ్ముడు మాత్రం ధైర్యంగా, కొంచెం ఎక్కువ ధైర్యంగా కనిపించాడు. రోడ్డు మీద ప్రతి గతుకు దగ్గరా మెల్లగా, మెల్లగా అని డ్రైవర్ మీద అరిచాను. అయినా విమానం క్షేమంగా చేరింది. షెడ్డులో దీపాల కింద నిలబెట్టాక, ముక్కు మీద మూడు రంగులతో, తోక మీద ఎర్ర నక్షత్రంతో అది నిజంగా ఇప్పుడే దిగినట్టుంది.

మర్నాడే అతిథి రాక. సాయంత్రపు అస్ర్ నమాజు తర్వాత వస్తారని కబురు. ఆ రోజు మధ్యాహ్నం జుహర్ నమాజు కాగానే ఆఖరిసారి చూద్దామని నేను సీట్లో కూర్చుని పిడి లాగాను. రాలేదు. కొత్త తీగలు, బిగుసుకున్నాయేమో అని రెండు చేతులతో గట్టిగా లాగాను. వెనక టక్కుమని శబ్దం. పిడి నా చేతుల్లో వదులుగా, ఊడబోయే పన్నులా ఊగసాగింది.

సీటు వెనక గూటి తలుపు తీసి టార్చి వేశాను. చెక్క చేయి మధ్యకు విరిగి ఉంది. దాని మొదట్లో ఏదో నల్లగా, గోలీకాయలా ఇరుక్కుని ఉంది. వేళ్లతో పీకి చూశాను. లూమీ! అక్కడి వాళ్లు కూరల్లో, కబ్సా అన్నంలో వేసుకునే ఎండు నిమ్మకాయ, రాయిలా గట్టిగా ఉంటుంది. విమానంలోకి లూమీ ఎలా వచ్చింది? అప్పుడు దానికి చుట్టిన ఎర్ర దారం కనపడింది.

వెనక్కి తిరిగాను. నిర్మల్ తమ్ముడు నేల చూస్తున్నాడు.

"ఏందప్పా ఇది?"

"నిమ్మకాయ భాయ్."

"అది నాకూ కనపడ్తాండాది. యాడ్నుంచి వచ్చె?"

"ఖతీఫ్ సంతల గొన్న. పచ్చిది. మంచిగుండె. ఎవ్వలకు కనవడకుంట లోపట గట్టిన."

"ఎప్పుడు?"

"రెక్కలు ఎక్కిచ్చిన దినం."

ఎండాకాలమంతా మూసిన విమానంలో, ఆ వేడిలో పచ్చి నిమ్మకాయ ఎండి ఎండి లూమీ అయింది. గతుకులకు దారం తెగి, దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా పడకూడని చోట పడింది. దిష్టి తగలకుండా కట్టిన నిమ్మకాయే విమానానికి తగిలింది! కోపంతో నోరు తెరిచాను. నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటే మళ్లీ కోపమొచ్చింది.

"కొత్త చేయి చేయాలంటే?"

"చెక్క అతికిస్తే బంక ఆరేదానికే రేపటిదాక పడుతది." విరిగిన ముక్కలు రెండూ కలిపి చూశాడు. "నా పని అయిపోయింది భాయ్."

జేబులోంచి ఫోన్ తీశాను, కెప్టెన్‌కు చెప్పేద్దామని.

"ఏమని జెప్తవ్? నిమ్మకాయ అని జెప్తవా?" అన్నాడు. తర్వాత ఆ గూటి తలుపు వైపు చూశాడు. నా వైపు చూశాడు. "భాయ్, నేను లోపటికి పోత. నువ్వు తలుపు ముయ్యి. ఆయన పిడి గుంజితే విరిగిన ముక్క నా కండ్ల ముందట కదుల్తది. అది ఎటు కదిల్తే నేను గటు తీగలు గుంజుత. ఎవ్వలకు ఎరుకైతది?"

"పిచ్చి పట్టిందా నీకు? అందులో పడ్తావా?"

పట్టాడు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, బొమ్మల పెట్టెలో బొమ్మలా ఒదిగి కూర్చున్నాడు. నేను సీట్లోకి ఎక్కి పిడి లాగాను. వెనక్కి తిరిగి చూస్తే తోక మెల్లగా, దర్జాగా పైకి లేచింది. నిజం చెప్పొద్దూ, బెల్ క్రాంక్ కంటే బాగా పనిచేశాడు.

సీటు వెనక చెక్క మీద తడుతూ అన్నాను: "నేను రెండుసార్లు తడ్తా. నువ్వు బాగుంటే రెండుసార్లు తట్టు. తట్టకపోతే ఎవరున్నా సరే తలుపు పీకేస్తా."

లోపల్నుంచి టక్ టక్. తర్వాత గొంతు: "భాయ్, మొన్న గింజల కుప్ప కథ జెప్పినవ్ జూడు..."

"నోర్మూసుకుని కూచో" అన్నాను.

అతిథి వెళ్లాక కెప్టెన్‌కు నేనే చెబుతానని మనసుకు సర్దిచెప్పుకున్నాను. మనసు సర్దుకున్నట్టు నటించింది.

అస్ర్ కాగానే కెప్టెన్ వచ్చాడు, తెల్లని తోబ్ మీద గోధుమరంగు బిష్త్ వేసుకుని పెళ్లికొడుకులా ఉన్నాడు. వెంట ఆయన పాత స్నేహితులు, అందరూ ఒకప్పుడు విమానాలు నడిపినవాళ్లే. మధ్యలో అతిథి. పొడవాటి మనిషి, వంగిపోయాడు, చేతికర్ర. విమానాన్ని చూడగానే కర్ర పక్కనున్నవాడి చేతికిచ్చి, రెండు చేతులూ రెక్క మీద పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"మన వడ్రంగి ఏడీ? అతన్నీ చూపించాలి" అన్నాడు కెప్టెన్.

"వెనక ఉన్నాడు కెప్టెన్" అన్నాను.

అబద్ధం కాదు. నిజమని ప్రమాణం చేయమంటే మాత్రం చేయను.

నలుగురం పట్టి అతిథిని సీట్లో కూర్చోబెట్టాం. పిడి మీద చెయ్యి వేశాడు, లాగాడు. తోక లేచింది. వదిలాడు, తోక దిగింది. చిన్న పిల్లాడిలా మళ్లీ లాగాడు, మళ్లీ, మళ్లీ. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం లోపల తీగలు లాగుతున్న రెండు సన్నటి చేతులే కనపడుతున్నాయి.

ఆట అయ్యాక ఆయన దిగలేదు. ఫ్రెంచిలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. కెప్టెన్ ఒక్కో మాటా అరబ్బీలోకి మార్చి చెబుతున్నాడు.

ఆ దళం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మకాం మార్చేటప్పుడు, విమానాలు ముందు వెళ్లిపోయేవట, మెకానిక్‌లు లారీల్లో రోజుల తర్వాత చేరేవాళ్లట. మెకానిక్ లేని విమానం ఎందుకు? అందుకని ఒక్కో పైలటూ తన రష్యా మెకానిక్‌ను సీటు వెనక గూట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడట. ఒక్కడికే చోటున్న విమానం. పైలట్‌కు పారాచూట్ ఉండేది. వెనకవాడికి ఉండేది కాదు.

మేము రేడియో గూడు అనుకున్నది అదీ!

"మా నాన్న స్నేహితుడొకడు అలాగే మెకానిక్‌తో బయల్దేరాడు" అన్నాడు ఆయన. "గాలిలో ఉండగా పెట్రోలు కారింది. ఆ ఆవిరికి కళ్లు కనపడటం లేదు. దిగలేకపోతున్నాడు. కిందినుంచి రేడియోలో దూకెయ్, దూకెయ్ అని అరుస్తున్నారు. అతను దూకలేదు. వెనక మనిషికి పారాచూట్ లేదు కదా. ఇద్దరూ కలిసే పోయారు."

వింటున్నవాళ్లలో ఒకాయన సన్నగా "లా ఇలాహ ఇల్లల్లాహ్" అన్నాడు.

"మా నాన్నకు రష్యన్ రాదు. ఆయన మెకానిక్‌కు ఫ్రెంచి రాదు. అందుకని బయల్దేరేముందు మా నాన్న వెనక చెక్క మీద రెండుసార్లు తట్టేవాడు. వాడు రెండుసార్లు తట్టేవాడు. ఉన్నావా? ఉన్నాను. అంతే వాళ్ల భాష. యుద్ధం అయ్యాక కూడా, మేము పిల్లలం కార్లో కూర్చుంటే, కారు తీసేముందు నాన్న తన సీటు వెనక రెండుసార్లు తట్టేవాడు. అదేదో చాదస్తం అనుకునేవాళ్లం."

అంటూ ఆయన చెయ్యి వెనక్కి పెట్టి చెక్క మీద తట్టాడు. టక్ టక్.

లోపల్నుంచి టక్ టక్.

ఆయన ముఖంలో రక్తం లేదు. వీపు సీటుకు ఆనించి అలాగే ఉండిపోయాడు. కెప్టెన్ గబగబా, "చెక్క కదా, దీపాల వేడికి అలా చిటపటమంటుంది" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను అవునంటే అయిపోయేది. కెప్టెన్ పరువు నిలిచేది, నిర్మల్ తమ్ముడి కఫాలా నిలిచేది, నా మాటా నిలిచేది. పైన అంతా పొడిగా ఉంది. లోపలి తడి సంగతి నాకొక్కడికే తెలుసు.

"కాదు కెప్టెన్" అన్నాను. "లోపల మనిషి ఉన్నాడు."

వెళ్లి తలుపు తీశాను. ముందు రెండు కాళ్లొచ్చాయి, తర్వాత మోకాళ్లు, తర్వాత చెమటతో తడిసి ముద్దయిన మనిషి, జుట్టునిండా రంపంపొట్టు. లేచి నిలబడి, ఇంతమంది పెద్దవాళ్లను చూసి, ఏం చేయాలో తోచక, "సలామాలేకుమ్" అన్నాడు.

కెప్టెన్ నన్నే చూస్తున్నాడు. "ఏమిటిది?"

"తోకను ఆడించే చేయి విరిగింది. జుహర్ నుంచి నాకు తెలుసు. ఇతను చేతులతో ఆడించాడు. మీకు చెప్పకుండా దాచింది నేను. చెక్క చేయి చాలని ఒప్పుకుందీ నేనే. పని నా చేతి కింద జరిగింది."

"ఎలా విరిగింది?"

నేను నోరు తెరిచేలోపు నిర్మల్ తమ్ముడు ముందుకొచ్చి పిడికిలి విప్పాడు. నల్లటి లూమీ, ఎర్ర దారం. అరబ్బీలో అతనికొచ్చిన నాలుగు మాటలూ కూర్చి, "హాజీ లా. అనా. అనా" అని, హాజీ కాదు నేనే అన్నట్టు, తన రొమ్ము మీద చూపించుకున్నాడు.

ఇక్కడ మన రివాజు ప్రకారం కొత్త బండికి ఇలా కడతారని నేను వివరించాల్సి వచ్చింది. నాలాంటివాడు, ప్రతి శుక్రవారం దర్స్ చెప్పేవాడు, నిమ్మకాయ గురించి సౌదీ పెద్దలకు అరబ్బీలో వివరించడం! అల్లాహ్ ఒక్కోసారి మనకు భలే పని అప్పగిస్తాడు.

అంతలో సీట్లోంచి శబ్దం వినిపించింది. ముసలాయన ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతుండగా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. చెయ్యి చాపి నిర్మల్ తమ్ముడి చెయ్యి పట్టుకుని, వదలకుండా, కెప్టెన్‌తో ఏదో అన్నాడు. కెప్టెన్ నవ్వు ఆపుకోలేక చెప్పాడు: "ఆయన అడుగుతున్నాడు, ఇతనికైనా పారాచూట్ ఇచ్చారా అని."

షెడ్డు షెడ్డంతా పగలబడి నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు.

"లేదు కెప్టెన్" అన్నాను. "ఇతనికి లేదు. ఇకామా వచ్చే నెలతో అయిపోతుంది."

నవ్వులు తగ్గాయి. కెప్టెన్ లూమీని అతని చేతిలోంచి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తన ఉస్తాద్ కొడుకు వైపు చూశాడు. ఆయన ఇంకా ఆ వడ్రంగి చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

"యా హాజీ, ఆదివారం ఇతన్ని పాస్‌పోర్టు తీసుకుని నా ఆఫీసుకు రమ్మను" అన్నాడు. "ఇంకోమాట. నిమ్మకాయలు వంటింట్లోనే ఉండాలని చెప్పు."

తర్జుమా చేసి చెప్పాను. నిర్మల్ తమ్ముడు నమ్మలేదు. మళ్లీ చెప్పాను. నా భుజం మీద తల పెట్టి, రంపంపొట్టంతా నా ఇస్త్రీ చొక్కాకు పూశాడు.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయింది. మేమంతా విమానం రెక్క పక్కనే చాపలు పరిచి నిలబడ్డాం. కెప్టెన్ ముందు నిలబడి నమాజు చేయించాడు. నుదురు నేలకానించిన ఆ సజ్దాలో నేను ఎంతసేపున్నానో నాకే తెలియదు, పక్కవాళ్లు లేచారని గుడ్డల చప్పుడుకు తెలిసింది. నమాజు ముగించి సలాం తిప్పి చూస్తే, నమాజు చేయనివాళ్లిద్దరూ, ఆ ముసలాయన, మా వడ్రంగి, విమానం చక్రం దగ్గర కూర్చుని ఉన్నారు. మధ్యలో ఖర్జూరాల పళ్లెం. ఒకరి భాష ఒకరికి రాదు. ఆయన చక్రం మీద రెండుసార్లు తడితే ఇతను ఖర్జూరం అందిస్తున్నాడు. ఇతను తడితే ఆయన అందిస్తున్నాడు.

తర్వాత ఇనుప చేయి చేసి బిగించాను. కానీ చూడటానికి వచ్చేవాళ్లెవరికీ అది నచ్చలేదు. సీటు వెనక మనిషిని చూపించమనేవాళ్లు. పాపం, కొన్నాళ్లు ఎక్కి కూర్చునేవాడు. తర్వాత ఇస్తిరాహా కబ్సా తిని తిని ఒళ్లు చేసి, తలుపులో పట్టడం మానేశాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. చేసిన విమానమూ అక్కడే నిలబడి ఉంది, ఎవరూ పీకలేదు.

పిల్లలూ, మీరు వెళ్లే చోట కంపెనీ ఎలాంటిదో, గది ఎలాంటిదో ముందే అడిగి తెలుసుకుంటారు, మంచిదే. మీ వెనక ఎవరు కూర్చున్నారో, వాడికి పారాచూట్ ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. నేను దర్స్‌లో ఇన్నేళ్లు చెప్పినదానికంటే ఆ ఒక్క సాయంత్రం నేర్చుకున్నది ఎక్కువ. చెప్పడం సులభమని కూడా అప్పుడే నేర్చుకున్నాను.

ప్రతి శుక్రవారం జుమా అయ్యాక అతను అల్ ఖోబర్ నుంచి ఫోన్ చేస్తాడు. సలాం లేదు, నమస్తే లేదు. ముందు ఫోన్ మీద గోరుతో టక్ టక్. నేను ఈ అరుగు మీద చెక్క బల్లను టక్ టక్‌మని తడతాను. అప్పుడుగానీ మాటలు మొదలుకావు.

"ఏందీ, ఈ వయసులో బల్లలు వాయిస్తాండావు?" అంటుంది లోపల్నుంచి మా ఆవిడ.

"ఏం లేదే, వెనక మనిషి ఉండాడా లేదా అని చూసుకుంటాండా" అంటాను.